చెయ్యి వదిలితే ఆగిపోవాలి

మా తమ్ముడి కూతురు డిప్లొమా ముగించి, హోసూరులో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజరుగా చేరింది. చేరిన వారానికే ఇంటికి వచ్చి, “పెదనాయినా, నువ్వు అన్ని ఏండ్లు షెడ్లల్లో ఏం చేసినావో రాసి పెట్టు. నాకు పనికొస్తాది” అంది. పనికొస్తుందని నాకు నమ్మకం లేదు. నేను నేర్చుకున్నది నేను పనిచేసిన షెడ్డుకే పనికిరాలేదు. అయినా నోరు తెరిచి అడిగింది కాబట్టి రాస్తున్నాను. ప్రమోషన్లు, మెమోలు, ఆడిట్లు వదిలేస్తున్నాను. వాటి గురించి చెప్పేవాళ్ళు ఆఫీసు నిండా ఉంటారు.

ఫోర్‌మన్ పని అంటే అరవడం అనుకుంటారు. నేనూ గొంతు పోయేదాకా అరిచినవాణ్ణే. కానీ అసలు పని ఒక్కటే. పొద్దున లోపలికి వచ్చిన మనిషి ఎన్ని వేళ్ళతో వచ్చాడో సాయంత్రం అన్ని వేళ్ళతో ఇంటికి పోవాలి. మిగతా పనులన్నీ దీని తరువాతే. ఈ పనిలో నేను గెలిచానని ఎవరైనా నీకు చెబితే నమ్మవద్దు.

రంగప్ప సారు జేబు

నా మొదటి ఉద్యోగం హోసూరు దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీ టూల్‌రూములో. పై అధికారి రంగప్ప సారుది కుప్పం పక్క ఊరు. సన్నటి మనిషి. ముక్కులో నశ్యం, మాటలో కారం. చేరిన రోజే నా చేతికి గ్రైండర్ ఇచ్చారు. వెల్డింగ్ అతుకుల్ని నున్నగా అరగదీసే చేతిమిషను అది. దాని పొట్ట కింద బారుగా ఒక స్విచ్చి ఉంటుంది. వేళ్ళతో నొక్కి పట్టుకున్నంతసేపే డిస్కు తిరుగుతుంది.

నేను నొక్కి పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా వెనక్కి పోయి పెద్ద ఇనుప రేకును దబ్బున నేలకు కొట్టారు. నేను ఉలిక్కిపడ్డాను, వేళ్ళు వదులయ్యాయి. డిస్కు మెల్లగా నిలిచిపోయింది.

“చూస్తివా? నువ్వు బెదిరినావు, అది నిలిచింది” అన్నారు. “చెయ్యి వదిలితే నిలవాల. నిలవనిది మిషను కాదప్పా, దయ్యం.”

ఆ టూల్‌రూములోనే ఒక పాత పనివాడు ఆ స్విచ్చిని సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేవాడు. కట్టేస్తే ఇక నొక్కనక్కరలేదు, దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. సారు బ్లేడుతో ట్యూబు కోసి జేబులో వేసుకునేవారు. తిట్టేవారు కాదు. మర్నాడు మళ్ళీ కొత్త ముక్క ఉండేది. “దినమంతా నొక్కి పట్టుకుంటే చేతి ఏళ్ళు తిమ్మిరెక్కతాయి సారూ, మీరొకసారి పట్టి చూడండి” అనేవాడు అతను. అదీ అబద్ధం కాదు. సారు జేబులో ఎప్పుడూ ట్యూబు ముక్కలే. “ఈ ఉద్యోగం వదిలి ట్యూబుల అంగడి పెట్టుకోనుంటే బాగుపడి ఉందును” అని నవ్వేవారు. ఆ నవ్వులో సంతోషం లేదని అప్పుడు నాకు తెలియలేదు.

గోవిందప్ప షెడ్డు

కొన్నేళ్ళకు ఆ ఫ్యాక్టరీ మాలాంటి వాళ్ళను ఇంటికి పంపేసింది. నేను గోవిందప్ప షెడ్డులో ఫోర్‌మన్‌గా చేరాను. గోవిందప్పది వేప్పనపల్లి దగ్గర మామిడితోటలున్న రైతు కుటుంబం. తానే వెల్డింగు నేర్చుకుని, గేట్లు, గ్రిల్లులతో మొదలుపెట్టి, ఫ్యాక్టరీలకు ట్రాలీలు, ర్యాకులు చేసే దాకా ఎదిగాడు. మనసు మంచిది, చెయ్యి ఇరుకు. ఈ రెండూ ఉన్న యజమాని దగ్గర పని చాలా కష్టం. చెడ్డవాడైతే సుఖంగా తిట్టుకోవచ్చు.

ఆ షెడ్డులో గ్రైండింగు సరోజమ్మది. వేప్పనపల్లి పక్క పల్లెలో కమ్మరి ఇంటి బిడ్డ. ట్రాక్టర్లు వచ్చాక వాళ్ళ నాయన కొలిమి చల్లారిపోయింది. ఆమె హోసూరు వచ్చి మొదట మా షెడ్డులో ఇనుప పొడి ఊడ్చేది. ఊడుస్తూ చూస్తూనే గ్రైండర్ పట్టింది. ఆమె అరగదీసిన అతుకు మీద వేలు పెట్టి జరిపితే అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. కొనుగోలుదారుల ఇన్‌స్పెక్టర్లు వస్తే గోవిందప్ప ముందు ఆమె చేసిన ట్రాలీనే చూపించేవాడు.

ఆమె గ్రైండర్‌కు పక్కపిడి ఒకసారి విరిగింది. వాళ్ళ నాయన చింత చేవకర్రతో కొత్త పిడి చెక్కి, చివర పొన్ను, అదే ఇనుప కట్టు, తొడిగి పంపాడు. పొన్ను మీద మూడు చుక్కలు కొట్టి ఉండేవి. ఆయన చేసిన ప్రతి నాగలి కర్రు మీదా, కొడవలి మీదా అవే మూడు చుక్కలట. అది ఆయన చేసిన ఆఖరి పని. ఆ గ్రైండర్‌ను ఇంకెవరైనా ముట్టుకుంటే సరోజమ్మ కళ్ళతోనే కాల్చేది.

పలక మీద పూజ

మా పక్క ఆయుధపూజ అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కరలేదు. షెడ్డు కడిగి, గుమ్మానికి మామిడాకులు కట్టి, మిషన్లన్నీ తుడిచి ఒక పెద్ద చెక్క పలక మీద తెల్లబట్ట పరిచి వరుసగా పెడతాము. గంధం, కుంకుమ, బంతిపూలు. బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టి ఇంటికి పోతాము. మర్నాడు విజయదశమి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా పనిముట్టును కదిలించరాదు.

మామూలు రోజుల్లో చేతిమిషన్లన్నీ ఇనుప పెట్టెలో పెట్టి బీగం వేసేవాళ్ళం. ఆ ఒక్క రాత్రి వేసేవాళ్ళం కాదు. ఒక ఏడు నేను గోవిందప్పతో, “హారతి అయినాక పెట్టెలో పెట్టేద్దామప్పా” అన్నాను. ఆయన తల్లి విని, “పూజ చేసిన సామాన్లకు బీగం వేసేది యాడన్నా ఉందా? ఏడాదంతా మీకోసం అరుస్తా ఉంటాయి, ఒక దినం ఊపిరి తీసుకోవద్దా?” అంది. ఆ ముసలామె మాట నాకు కూడా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

ఆ ఏడే దొంగలు పడ్డారు. షట్టరుకు బీగం ఉంది కదా అనుకున్నాము. వాళ్ళు పైకప్పు రేకు విప్పి దిగారు. పొద్దున హారతి పళ్ళెంతో పోతే పలక ఖాళీ. పూలు మాత్రం మిగిలాయి. చల్లిన కుంకుమలో మిషన్లు ఉన్నచోటల్లా వాటి ఆకారాలు తెల్లగా మిగిలాయి. బొరుగులు కాళ్ళ కింద నలిగి ఉన్నాయి. దేవుడి పటం ముందు ఇత్తడి దీపం, గంట మాత్రం ముట్టుకోలేదు.

“దేవుడి సొత్తు తాకలే. భయం భక్తి ఉండే దొంగే” అన్నాడు గోవిందప్ప. ఆ మాటతోనే మాలో అనుమానం పడింది. భయం భక్తి ఉండి, ఆ రాత్రి మిషన్లు పెట్టెలో ఉండవని తెలిసినవాడంటే మాలో ఒకడే.

సరోజమ్మ పలక మీద తన గ్రైండర్ ఉన్నచోట చెయ్యి పెట్టి, “నాయిన పిడి పోయిందన్నా” అంది. ఏడవలేదు. నాకే ఏడుపు వచ్చింది.

పోలీసు స్టేషనులో మిషన్ల ఫోటో ఉందా అని అడిగారు. పూజ రోజు తీసిన ఫోటో ఇచ్చాము. అందులో మిషన్ల కంటే పూలే ఎక్కువ కనబడుతున్నాయి. ఆ కేసు అంతే. కానీ షెడ్డులో కేసు ముగియలేదు. ఒకరి క్యారియరులో ఒకరు చెయ్యి పెట్టి తిన్నవాళ్ళు, సాయంత్రం ఒకరి సంచిని ఒకరు ఓరకంట చూడటం మొదలుపెట్టారు. దొంగ ఎవరో ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఒక్కడినే అసహ్యించుకుని ఉందుము.

రంగు పెట్టెలు

అప్పుడు ఒక ఫ్యాక్టరీకి ట్రాలీలు ఇవ్వవలసి ఉంది. చేతిలో ఒక్క గ్రైండర్ లేదు. గోవిందప్ప బెంగుళూరు పోయి, ఆటో నిండా రంగు పెట్టెలతో దిగాడు. పెట్టెల మీద పేరు ఇంగ్లీషులోనే ఉంది గానీ ఎవరూ ఎప్పుడూ వినని పేరు. విదేశీ సరుకు. గ్రైండర్లు, డ్రిల్లులు, కటింగు మిషను, అన్నీ ఒకే నీలం రంగు.

“నారాయణప్పా, పాత రకం రెండు కొనే దుడ్డుకు షెడ్డంతా నిండిపోయింది చూడప్పా” అన్నాడు. పసిపిల్లవాడి సంతోషం ఆయన ముఖంలో.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చవక దిగుమతి సరుకంతా చెత్త అని నేననను. ఆ డ్రిల్లు మిషన్లు నేను రిటైరయ్యేదాకా పనిచేశాయి. దొంగతనంలో నడుం విరిగిన చిన్న షెడ్డు లేచి నిలబడాలంటే ఆ పెట్టెలే దిక్కు. పెద్ద కంపెనీ మిషనే కొనాలని ఏసీ గదిలో కూచుని చెప్పడం తేలిక. నువ్వు చవక మిషను కొనవలసి వస్తే కొను. కానీ పెట్టె రంగు చూడకు, స్విచ్చి చూడు. డిస్కుకు అడ్డుగా ఉండే గార్డు గట్టిగా కూచుంటుందో చూడు. మిషను వేగానికి నీ దగ్గరున్న డిస్కు తట్టుకుంటుందో చూడు. అన్నిటికంటే ముందు, చెయ్యి వదిలి చూడు.

నేను చెయ్యి వదిలి చూశాను. అది తిరుగుతూనే ఉంది. పొట్ట కింద నొక్కే స్విచ్చి లేదు. పక్కన ఒక బొత్తాము. ముందుకు తోస్తే అక్కడే పట్టుకుని నిలిచిపోతుంది. మళ్ళీ వెనక్కి లాగితేనే ఆగుతుంది.

“ఇది నిలవలేదే గోవిందప్పా.”

“బటన్ను లాగితే నిలుస్తాది కదప్పా.”

“పనిలో ఉండే చెయ్యి అంత ఆలోచన చెయ్యదు. ఇన్నేండ్లు కింద పెడితే నిలిచే మిషన్లతో చేసినారు వీళ్ళు.”

“నువ్వు చెప్పేది సరే. ఆర్డరు పోతే షెడ్డే నిలిచిపోతాది. అప్పుడు అందరమూ చేతులు కట్టుకోని సుఖంగా కూచోవచ్చు.”

ఆర్డరు వదులుకో అని నేను అనలేకపోయాను. ఇప్పుడైనా అనలేను. పనివాళ్ళకు మాత్రం ఆ మిషన్లు తెగ నచ్చాయి. తేలిక, నొక్కి పట్టుకునే బాధ లేదు. “ఏళ్ళు నొయ్యడం లేదన్నా” అంది సరోజమ్మ కూడా. రంగప్ప సారు బతికుంటే ఏమనేవారో నాకు తెలుసు. ట్యూబు కట్టే పని కూడా ఆ కంపెనీవాళ్ళే చేసి పంపారు అనేవారు.

నేను గొడవపడి ఒక కట్టుబాటు మాత్రం పెట్టించాను. మా ఇండస్ట్రియల్ ఎస్టేటులో కరెంటు ఊరికూరికే పోయేది. కరెంటు పోతే టీ అని అర్థం. ఎక్కడి మిషను అక్కడ వదిలి అందరూ టీ అంగడికి నడుస్తారు. బొత్తాము ముందుకే ఉండిపోతే, కరెంటు రాగానే మిషను దానంతట అదే తిరుగుతుంది. అందుకని, కరెంటు పోయిన వెంటనే ఎవరైనా ఒకరు మెయిన్ స్విచ్చి కిందికి లాగాలి. మళ్ళీ ఎత్తేముందు ప్రతి మిషను బొత్తామూ చూడాలి. మొదటి సగం బాగానే జరిగింది. రెండో సగం, కొన్నాళ్ళు నేనే తిరిగి చూస్తే జరిగింది.

కరెంటు వచ్చింది

ఆ రోజు నేను క్రిష్ణగిరిలో ఉన్నాను. గోవిందప్పే ఏదో సంతకం పనికి కలెక్టరాఫీసు దగ్గరికి పంపాడు. షెడ్డులో జరిగినది నలుగురూ ఒకేలాగ చెప్పారు, కాబట్టి అది నిజమే.

కరెంటు పోయింది. ఎవరో మెయిన్ లాగారు. అందరూ టీకి పోయారు. సరోజమ్మ పోలేదు. ట్రాలీ మూలలో వెల్డింగు మీది పెచ్చు ఊడి రాలేదని, గ్రైండర్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి, చిన్న సుత్తితో తడుతూ దాని పక్కనే వంగి ఉంది. పాత గ్రైండర్‌ను ఆమె వేలసార్లు అట్లాగే పెట్టింది. కింద పెట్టడమంటే ఆపడమే ఆమె చేతికి. బొత్తాము సంగతి తలకు తెలుసు, చేతికి తెలియదు.

పక్క షెడ్డులో కంప్రెసరు మొదలైన చప్పుడు గోవిందప్ప విన్నాడు. ఆర్డరు ఆలస్యమవుతున్నదన్న ఆత్రం. “వచ్చిందప్పా, వచ్చింది! రండి, రండి!” అని బయటివాళ్ళను కేకేస్తూ మెయిన్ ఎత్తేశాడు.

గ్రైండర్ బల్ల మీదినుంచి ఎగిరింది. సరోజమ్మ కుడి అరచేతి మీదుగా మణికట్టు దాకా పోయింది.

ఆస్పత్రి ఖర్చంతా గోవిందప్పే పెట్టాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తరువాత షెడ్డు మూసేదాకా ఆయన మెయిన్ మీద చెయ్యి వెయ్యలేదు, ఎవరినైనా పిలిచేవాడు. డాక్టర్లు చెయ్యి నిలబెట్టారు గానీ తెగిన నరాలు సరిగ్గా అతకలేదు. బొటనవేలు తప్ప మిగతా వేళ్ళు ముడుచుకోవు. గ్లాసు కూడా నిలవదు. అతుకు కనబడకుండా అరగదీసిన చెయ్యి అది.

ఆయమ్మ మరిచిపోయింది

విచారణకు వచ్చినవాళ్ళు కారణం కింద ‘పనివారి అజాగ్రత్త’ అని రాసుకున్నారు. మిషను స్విచ్చి చూడమని నేను వాళ్ళ చేతికి ఇచ్చాను. ఒకాయన తోసి, లాగి చూసి, “బాగానే పనిచేస్తోంది కదా” అన్నాడు.

నా సర్వీసంతటిలో నేను అన్నిటికంటే అసహ్యించుకున్న మాట ఈ అజాగ్రత్త. అది దెబ్బ తిన్నవాళ్ళను నిందిస్తుంది, అది ఒక అన్యాయం. అంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. అది మిగతావాళ్ళకు ధైర్యం ఇస్తుంది. నేను కొట్లాడి కొట్లాడి, చేతిలో కాస్త డబ్బు ఆడగానే గోవిందప్ప చేత నొక్కి పట్టుకునే స్విచ్చి ఉన్న గ్రైండర్లు కొన్ని కొనిపించాను. వారం తిరక్కముందే వాటికి సైకిల్ ట్యూబులు కట్టారు. అదే బల్ల. ఆమె రక్తం కడిగినవాళ్ళే కట్టారు.

ఒకణ్ణి నిలదీశాను. “ఏమప్పా, చూడలేదా నువ్వు?”

“చూసినానన్నా. ఆయమ్మ మరిచిపోయింది. నేను మరిచేవాణ్ణి కాను.”

ట్యూబు కోసి జేబులో వేసుకున్నాను. మర్నాడు ఇంకొకటి ఉంది. రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే. దీనికి ఫోర్‌మన్ అని పేరు. నువ్వు కూడా ఇదే చేస్తావు. చెయ్యకపోతే ఇంకా ఘోరం కాబట్టి చెయ్యమంటున్నాను, బాగుపడుతుందని కాదు.

సామల్పట్టి

పోయిన ఏడు ఒక బంధువు గృహప్రవేశానికి సామల్పట్టి పోయాను. తిరుగు రైలుకు సమయముంది. స్టేషనుకు పోయే దారిలో గేట్లు చేసే చిన్న అంగడి కనబడితే అలవాటు కొద్దీ ఆగాను. పనివాడు పక్కకు తిరిగి గేటు మూల అరగదీస్తున్నాడు. చప్పుడు వినగానే నాకు తెలిసింది, ఇది నీలం మిషను కాదు, పాతది. పక్కపిడి నల్లగా, నున్నగా మెరుస్తోంది. అతను మిషను ఆపి కింద పెట్టాక వంగి చూశాను. ఇనుప పొన్ను. మూడు చుక్కలు.

“ఇది యాడ దొరికిందప్పా?” అన్నాను.

“క్రిష్ణగిరిలో సెకండ్‌హ్యాండ్ అంగట్లో కొంటినన్నా. ఎన్నో చేతులు మారుండాది. బంగారం మిషను. ఈ పిడి చూడండి, ఈ కాలంలో ఎవరు చేస్తారు ఇట్ల?”

మంచి మనిషి. దొంగ కాదు. ఏమని అడగను? చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు స్విచ్చి కోసం పొట్ట కిందికి పోయాయి. అక్కడ రబ్బరు తగిలింది. నాలుగు చుట్లు బిగించి కట్టిన సైకిల్ ట్యూబు. ఆపాలంటే అతను ప్లగ్గే లాగేస్తున్నాడు.

నేను ట్యూబు విప్పాను. అతను వద్దనలేదు, నవ్వాడు. “ఏళ్ళు నొస్తాయన్నా, అందుకే.” నేను సరోజమ్మ సంగతి చెప్పాను, ఆ పిడి ఎవరిదో మాత్రం చెప్పలేదు. “అయ్యో పాపం, చూసుకోవద్దా ఆయమ్మ?” అన్నాడు. ముక్కను జేబులో వేసుకుని స్టేషనుకు నడిచాను. ప్లాట్‌ఫారం ఎక్కేముందే గ్రైండర్ చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను రైలు ఎక్కేదాకా ఒక్క విరామం లేకుండా మోగింది. చేత్తో నొక్కి పట్టుకున్నవాడు అంతసేపు ఆపకుండా ఉండలేడు.

మరుసటి వారం వేప్పనపల్లి పోయాను. సరోజమ్మ ఇప్పుడు తోటల్లో మామిడికాయలు ఏరి బుట్టలకెత్తే పనికి పోతుంది, ఎడమ చేత్తో. ఇంటి ముందు కూచోబెట్టి నీళ్ళిచ్చింది. గ్రైండర్ కనబడిందని చెప్పాను. ఆమె ముఖం వెలిగింది. అంత వెలుగు ఆమె ముఖంలో చూసి ఎన్నాళ్ళయిందో.

“నాయిన పిడి ఉందా?”

“ఉంది. నున్నగా ఉంది. మూడు చుక్కలూ ఉండాయి.”

ఆమె ముడుచుకోని వేళ్ళను ఎడమ చేతిలోకి తీసుకుని కాసేపు ఒత్తుకుంది. తరువాత అడిగింది.

“చెయ్యి వదిలితే నిలస్తా ఉందా అన్నా?”

జేబులో ఆ రబ్బరు ముక్క అట్లాగే ఉంది. చొక్కా మార్చినా దాన్ని పారేయలేక ఇందులో వేసుకున్నాను.

“నిలస్తా ఉందమ్మా” అన్నాను.

“అది చాలన్నా” అని, టీ పెట్టడానికి లోపలికి పోయింది.